గాదె చాలని ఒళ్లు

"నేను లావు కాదు కదండీ, నాకెందుకొచ్చింది షుగర్?" హైదరాబాద్ లాలాగూడలో రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరైన వాళ్లు నలుగురు కూర్చున్నచోట ఎప్పుడో ఒకప్పుడు ఈ ప్రశ్న వస్తుంది. తిండి ఎక్కువైందనో, వంశంలో ఉందనో సర్దిచెప్పుకుంటారు. అవీ నిజమే, కానీ ఒక ముఖ్యమైన సంగతి కొవ్వుకణాల్లో ఉంది.

కొవ్వును మనం శత్రువులా చూస్తాం. కానీ చర్మం కింది కొవ్వుకణం గాదె లాంటిది. తిన్నదాంట్లో మిగిలింది దాచి, అవసరానికి తీసిస్తుంది. కొత్త కణాలు పుడుతుంటే గాదెలు పెరుగుతాయి, ఒళ్లు తట్టుకుంటుంది. పుట్టకపోతే ఉన్న కణాలే ఉబ్బిపోతాయి. ఇక పట్టక, కొవ్వు కాలేయంలోకి, కండరాల్లోకి పొర్లుతుంది. అప్పుడు ఇన్సులిన్ మాట ఒళ్లు వినదు. ఒంట్లో కొవ్వే నిలవని లైపోడిస్ట్రఫీ అనే అరుదైన జబ్బు ఉంది. ఆ రోగులు బక్కచిక్కి ఉంటారు, అయినా వాళ్లకు తీవ్రమైన షుగర్ వస్తుంది. గాదె లేకపోవడమూ ముప్పేనని ఇంతకంటే రుజువేం కావాలి?

2004లో 'లాన్సెట్' వైద్య పత్రిక ఒక ఫొటో వేసింది. పుణె డాక్టరు యాజ్ఞిక్, లండన్ డాక్టరు యడ్కిన్ పక్కపక్కన నిలబడ్డారు. ఎత్తూ బరువూ కలిపి లెక్కేసే బీఎంఐ ఇద్దరికీ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2. తూకపు మిషను చెప్పని నిజం అది.

ఈ గాదెల లెక్క ఎప్పుడు కుదురుతుంది? కొవ్వుకణాల సంఖ్య బాల్యంలో, యవ్వనారంభంలో స్థిరపడుతుందనీ, ఆపైన ఏటా పదో వంతు కణాలు పోయి అన్నే కొత్తవి వస్తాయనీ స్వీడన్ పరిశోధకులు 2008లో తేల్చారు. అంటే నలభై ఏళ్లకు వచ్చే షుగర్ కథ చాలా ముందే, బాల్యంలోనో, ఇంకా ముందు అమ్మ కడుపులోనో మొదలుకావచ్చు.

దీనికి మన దగ్గరే ఒక ఆధారం ఉంది. లాలాగూడ నుంచి మెట్టుగూడ దాటితే తార్నాక, అక్కడే జాతీయ పోషకాహార సంస్థ. 1987-90 మధ్య హైదరాబాద్ దగ్గరి 29 పల్లెల్లో ఆ సంస్థ ఒక అధ్యయనం చేసింది. 15 పల్లెల్లో గర్భిణులకూ పసిపిల్లలకూ రోజూ మొక్కజొన్న, సోయా పిండితో ఉప్మా పెట్టారు. మిగతా పల్లెల్లో అప్పటికి ఇలా పెట్టే పథకం లేదు. ఆ పిల్లలు పదమూడు, పద్దెనిమిదేళ్ల మధ్య ఉన్నప్పుడు మళ్లీ పరీక్షించారు. ఉప్మా అందిన ఊళ్ల పిల్లలు మిగతా ఊళ్ల పిల్లలకంటే 14 మిల్లీమీటర్లు ఎక్కువ పొడవు ఉన్నారు. ఒంటి కొవ్వులో తేడా లేదు. ఇన్సులిన్ నిరోధకత మాత్రం 20 శాతం తక్కువ! ఒక్క అధ్యయనంతో అంతా తేలిపోయిందని అనను. అయినా ఒక గిన్నెడు ఉప్మాకు ఇంత బలం ఉందంటే నా మనసు కదిలింది.

దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10.1 కోట్లని 2023లో ఐసీఎంఆర్ సర్వే చెప్పింది. సన్నగా ఉన్నామని ధీమా పడకండి. ఇవాళే టేపు తీసి నడుము కొలవండి. మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటితే రక్తపరీక్ష చేయించుకోండి. ఇంట్లో కడుపుతో ఉన్న అమ్మాయి ఉంటే, ముందు ఆమె కంచం చూడండి.