చెరువుకు, చేనుకు సహాయ నిధి

మన పూర్వులు సప్తసంతానములలో తటాకమును, వనమును కూడ చేర్చినారు. కన్నబిడ్డతో సమానముగా చెరువును లెక్కించిన సంస్కృతి మనది. బిడ్డను కనుట ఒక ఎత్తు, పెంచుట మరొక ఎత్తు. చెరువు సంగతియు అంతే. త్రవ్వించిన వాని పేరు శాసనములో నిలుచును గాని, ఏటేట కట్టకు మన్ను పోయువానికి, తూమును కనిపెట్టి యుండువానికి కూలి ఎవరు ఇచ్చెదరు? పదిమందికి చెందిన ఆస్తికి కావలసిన ధనము ఎక్కడి నుండి రావలెను? ఈ ప్రశ్న చాల పాతది. మన కాలమున దీనికి సమాధానముగా వినవచ్చుచున్న మాట “గ్రాంటు”. దాని స్వరూపమేమి, అది ఎక్కడ ఫలించినది, ఎక్కడ చిక్కు తెచ్చినది అను విషయములను మన తూర్పు హైదరాబాదు పరిసరముల నుండి, తెలుగునాట జరిగిన కొన్ని ప్రయత్నముల నుండి గ్రహించి ఇక్కడ వివరించుచున్నాము.

గ్రాంటు అనగా నేమి?

ప్రజలకు చేరు ధనము ముఖ్యముగా మూడు రూపములలో నుండును. మొదటిది అప్పు. అది వడ్డీతో తిరిగి పోవలెను. రెండవది రాయితీ, అనగా సబ్సిడీ. ఒక రైతు విత్తనమో, పంపుసెట్టో కొనునప్పుడు ధరలో కొంత భాగమును ప్రభుత్వము భరించుట. మూడవది గ్రాంటు. నిర్ణీతమైన పనికి, నిర్ణీతమైన కాలములో ఖర్చు చేయుటకై ఒక సంఘమునకు ఇచ్చు సొమ్ము. దీనిని తిరిగి చెల్లింపనక్కర లేదు గాని, పైసా పైసాకు లెక్క చెప్పక తప్పదు. అప్పు తీసుకొన్నవాడు బ్యాంకుకు జవాబుదారి. గ్రాంటు తీసుకొన్న సంఘము దాతకును జవాబుదారియే, ఎవరి పేరు మీద ఆ సొమ్ము వచ్చినదో ఆ ఊరివారికిని జవాబుదారియే. ఈ రెండవ బాధ్యత తరచుగా మరుగున పడుచుండును.

పూర్వపు ఏర్పాటు

రాజులు, సంపన్నులు చెరువులు త్రవ్వించినప్పుడు వాటి పోషణకు కొంత భూమిని మాన్యముగా విడిచెడివారు. దానికి దశబంధమని పేరు. ఆ భూమి ఫలమును అనుభవించువాడు కట్టను, తూమును బాగుగా ఉంచవలెను. కడప మండలమునందలి పోరుమామిళ్ళ చెరువు శాసనము 1369 నాటిది. మంచి చెరువునకు ఉండవలసిన పన్నెండు అంగములను అది చెప్పినది. అంతేకాక, ఆ నిర్మాణమునకు రెండు సంవత్సరముల పాటు వేయిమంది కూలీలు, నూరు బండ్లు పనిచేసినట్లు కూడ లిఖించినది. నేటి భాషలో చెప్పవలెనన్న అది రాతిపై చెక్కిన పని అంచనా, పూర్తి నివేదిక. నేటి గ్రాంటుకును, నాటి మాన్యమునకును ముఖ్యమైన భేద మొకటి కలదు. మాన్యము చెరువు ఉన్నంత కాలము ఉండునట్టిది. గ్రాంటు మూడేండ్లకో, ఐదేండ్లకో ముగియునట్టిది. ముగిసిన తరువాత ఏమి మిగులును అను ప్రశ్న అందుచేతనే మిక్కిలి ముఖ్యమైనది.

ఎర్రగొంగళి పురుగు నేర్పిన పాఠము

నాచారమునకు కూతవేటు దూరములో నున్న తార్నాకకు తెలుగునాట వ్యవసాయ ఉద్యమముల చరిత్రలో ఒక స్థానము కలదు. సెంటర్ ఫర్ వరల్డ్ సాలిడారిటీ అను సంస్థ అక్కడి నుండి గ్రామములలోని చిన్న స్వచ్ఛంద సంఘములకు నిధులను, శిక్షణను అందించినది. దాని నుండి వెలువడినదే సుస్థిర వ్యవసాయ కేంద్రము. 2004 నుండి ఇది పురుగుమందులు లేని సేద్యమునకై పనిచేయుచున్నది.

ఈ పని మొదలైన విధము తెలిసికొనదగినది. 1980ల చివరి భాగములో తెలంగాణ మెట్ట భూములలో ఆముదపు పైరును ఎర్రగొంగళి పురుగు నాశనము చేయుచుండెను. పురుగు పెరిగి వెండ్రుకలు దట్టమైన పిమ్మట మందు దానిపై సరిగా పనిచేయదు. పేదరైతు మందుపై పెట్టిన ఖర్చును, పంటను రెండింటిని పోగొట్టుకొనెడివాడు. దాని జీవిత క్రమమును పరిశీలింపగా ఉపాయము దొరకినది. ఈ పురుగు కోశ దశలో నేలలో దాగి యుండి, తొలకరి వానలు పడిన కొద్ది దినములలో రెక్కల పురుగుగా బయటికి వచ్చును. దానికి వెలుతురన్న ఆకర్షణ. ఆ రాత్రులలో పొలముల వెంట మంటలు వేసినయెడల గుడ్లు పెట్టకముందే అది మంటలో పడి చచ్చును. మిగిలిన పిల్లపురుగులు ఒక చేను నుండి మరొక చేనికి ప్రాకునప్పుడు గట్ల వెంట చాళ్ళు తీసి, వాటిలో జిల్లేడు ఆకులు వేసిన, అవి అక్కడ చేరును. వేసవిలో లోతుగా దున్నిన కోశములు ఎండకు, పక్షులకు ఆహుతి యగును.

ఇందులో ఏ ఒక్కటియు అధిక వ్యయముతో కూడినది కాదు. అయినను ఏ రైతును ఒంటరిగా దీనిని సాధింపలేడు. ఒకడు మంట వేసి, పొరుగువాడు వేయకున్న, పొరుగు చేనిలో పుట్టిన పురుగు వీని చేనికే వచ్చును. ఊరంతయు ఒకే వారములో, ఒకే రాత్రి కదలవలెను. అట్లు కదలించుటకు ఊరూర తిరుగువారు, సమావేశములు, శిక్షణ కావలెను. గ్రాంటు అవసరమైనది అక్కడనే. మందు డబ్బా కొనుటకు గాక, మనుష్యులను ఒకచోట చేర్చుటకు ఆ సొమ్ము ఉపయోగపడినది. ఇదే మార్గములో ఖమ్మము జిల్లాలోని పునుకుల గ్రామము 2003లో తాను పురుగుమందులు వాడనని ప్రకటించుకొన్నది. వరంగల్ ప్రాంతములోని ఏనబావి మరి కొంత ముందునకు పోయి రసాయన ఎరువులను కూడ విడిచినది.

నీటిని లెక్కించిన రైతులు

రెండవ ఉదాహరణము భూగర్భ జలమునకు సంబంధించినది. నెదర్లాండ్సు ప్రభుత్వ ధనసహాయముతో, ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ ద్వారా, 2003 నుండి 2009 వరకు నాటి ఆంధ్రప్రదేశ్‌లోని ఏడు కరవు జిల్లాలలో ఒక పథకము నడచినది. రైతులే భూగర్భ జలమును నిర్వహించుకొనుట దాని ఉద్దేశము. వింత యేమనగా, ఆ పథకము రైతునకు బోరు వేసి ఇయ్యలేదు, నగదు పంచలేదు. వానకొలత పరికరములను, బావులలో నీటిమట్టమును కొలుచు సాధనములను ఇచ్చి, కొలుచు విద్య నేర్పినది. పదునైదు దినముల కొకసారి రైతులే, వారిలో స్త్రీలు కూడ, కొలతలు తీసి ఊరి గోడపై వ్రాసెడివారు. వానకాలము ముగియగానే అందరు కూడి, భూమిలోనికి ఎంత నీరు దిగినది, యాసంగిలో వేయదలచిన పంటలకు ఎంత కావలెను అని లెక్క కట్టెడివారు. ఇంటి జమాఖర్చు వంటిదే ఈ నీటి జమాఖర్చు. లోటు కనబడినప్పుడు వరి మానుమని ఎవరును ఆజ్ఞాపింపలేదు. లెక్క చూచిన రైతులు చాలమంది తమంత తామే తక్కువ నీటి పంటలకు మరలినారు. ప్రపంచ బ్యాంకు కూడ 2010లో వెలువరించిన భూగర్భ జల నివేదికలో ఈ అనుభవమును ప్రత్యేకముగా పేర్కొన్నది. పథకము ముగిసిన తరువాత పరికరము చెడిపోవచ్చును గాని, లెక్క నేర్చిన బుద్ధి ఆ రైతులోనే ఉండును.

జొన్నలలో తీర్చిన ఋణము

మూడవది జహీరాబాదు ప్రాంతపు ముచ్చట. 1983లో ఏర్పడిన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ దళిత మహిళా సంఘములతో కలిసి బీడు భూములను సాగులోనికి తెచ్చుటకు పూనుకొన్నది. 1990ల మధ్యకాలములో కేంద్ర ప్రభుత్వ సహాయముతో బీడు గల రైతులకు దుక్కికి, ఎరువుకు పెట్టుబడి ఇచ్చినారు. రైతులు దానిని డబ్బుగా గాక జొన్నలుగా, కొన్ని సంవత్సరములలో సంఘమునకు చెల్లించినారు. ఆ జొన్నలను ఊరిలోని నిరుపేద కుటుంబములకు చౌక ధరకు అమ్మినారు. వచ్చిన సొమ్ము మరల సంఘపు నిధి అయినది. ఒకే గ్రాంటు బీడును చేనుగా మార్చినది, కూలి కల్పించినది, ఆకలి తీర్చినది, పైగా తిరిగి నిధిగా నిలిచినది. ఈ సంఘములకు 2019లో ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమము వారి ఈక్వేటర్ బహుమతి లభించినది. సంతకము కూడ నేర్వని స్త్రీలు విత్తనములను భద్రపరచి, ఏ కుటుంబమునకు గింజలు మొదట అందవలెనో ఊరందరి యెదుట నిర్ణయించినారు. దాతృత్వమును నిర్వహణమును ఒకరి చేతిలోనే ఉంచక, లబ్ధి పొందువారికే అప్పగించుట ఇక్కడి రహస్యము.

ఊరివారి వాటా

ఉచితముగా వచ్చినదానిని కాపాడువారు అరుదు. అందుచేతనే మేలైన పథకము లన్నియు ఊరివారి వాటాను కోరును. హనుమంతరావు సంఘపు సిఫారసుల ననుసరించి 1995 నుండి అమలైన వాటర్‌షెడ్ మార్గదర్శకములు సొంత భూమిలో జరుగు పనులకు రైతు నుండి కొంత భాగమును వసూలు చేసి, దానిని తదుపరి మరమ్మతులకై నిధిగా ఉంచుమని చెప్పినవి. 2015లో ఆరంభమైన మిషన్ కాకతీయలో పూడిక త్రవ్వకపు ఖర్చు ప్రభుత్వముది, ఆ మట్టిని ట్రాక్టరుపై తన పొలమునకు తోలుకొను ఖర్చు రైతుది. డబ్బు లేనివారి వాటా శ్రమ రూపములో నుండవచ్చును. 1992లో ప్రారంభమైన ప్రపంచ పర్యావరణ నిధివారి చిన్న గ్రాంటుల కార్యక్రమము కూడ శ్రమను, వస్తువును వాటాగా అంగీకరించినది.

అడుగవలసిన పద్ధతి

సంఘము మొదట చట్టబద్ధముగా నమోదు కావలెను. 2001 నాటి సంఘముల రిజిస్ట్రేషన్ చట్టము గాని, 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘముల చట్టము గాని ఇందుకు ఆధారము. తరువాత బ్యాంకు ఖాతా, పాన్ సంఖ్య, ఏటేట ఆడిట్ అయిన లెక్కలు ఉండవలెను. దరఖాస్తులో నాలుగు విషయములు స్పష్టముగా చెప్పవలెను: నేటి స్థితి యేమి, ఏ పని చేయుదుము, ఎంత ఖర్చగును, పని అయినదని దేనిచేత తెలియును. సొమ్ము విడతలుగా వచ్చును. మొదటి విడతకు వినియోగ ధ్రువపత్రము సమర్పించిన గాని రెండవది రాదు. ఇందువలన వానకు ముందు కావలసిన సొమ్ము వాన వెలిసిన తరువాత చేరుట కూడ కలదు. మొక్కకు దస్త్రముల క్యాలెండరు తెలియదు. కావున పని ప్రణాళికను ఋతువు ననుసరించి వేసి, దరఖాస్తును ఆరునెలల ముందే పంపుట వివేకము.

దాతలు పలువురు. 1982లో స్థాపితమైన నాబార్డు వద్ద 1999-2000లో 200 కోట్ల రూపాయలతో వాటర్‌షెడ్ అభివృద్ధి నిధి యేర్పడినది. 2013 నాటి కంపెనీల చట్టము ననుసరించి నిర్ణీత పరిమాణమునకు మించిన కంపెనీలు తమ సగటు లాభములో 2 శాతము సామాజిక కార్యములకు వెచ్చింపవలెను. పర్యావరణము అందులో చేరినది. విదేశీ ధనము విషయములో 2020 సవరణ పెద్ద మార్పు తెచ్చినది. ఒక సంస్థ తాను పొందిన విదేశీ నిధిని మరొక సంస్థకు బదిలీ చేయరాదని అది నిర్దేశించినది. పరిపాలన ఖర్చుల పరిమితిని 50 శాతము నుండి 20 శాతమునకు తగ్గించినది. దుర్వినియోగమును అరికట్టుట దీని లక్ష్యమని ప్రభుత్వము చెప్పినది. కాని పట్టణములోని పెద్ద సంస్థ ద్వారా మారుమూల చిన్న సంఘమునకు నిధి చేరు పాత మార్గము దీనితో మూసికొనిపోయినది. ఆంగ్లములో దరఖాస్తు వ్రాయలేని సంఘము నేరుగా దాత గడప తొక్కుట సులభము కాదు.

మన చెరువుల మాట

సైనికాధికారుల నివాసార్థము సహకార పద్ధతిలో వెలసిన సైనిక్‌పురికి చెంతనే కాప్రా చెరువు కలదు. నాచారమునకు పెద్ద చెరువు, ఉప్పల్‌కు నల్ల చెరువు, రామంతాపూర్‌కు పెద్ద చెరువు ఉన్నవి. ఇవి విహారమునకై త్రవ్వినవి కావు. ఒకప్పటి పల్లెలు వరి పండించుకొనుటకు త్రవ్వుకొన్నవి. 2007లో కాప్రా, ఉప్పల్ కలాన్ పురపాలక సంఘములు మహానగరములో కలిసినవి. పొలములు ప్లాట్లు అయినవి. ఆయకట్టు పోయినప్పుడు చెరువునకు యజమాని కూడ పోయినాడు. నీరు పారించుకొను రైతు ఉన్నంత కాలము కట్ట తెగిన అదే రాత్రి పారతో పరుగెత్తువా డుండెను. నేడు మురుగు చేరినను, గట్టుపై ఇల్లు లేచినను అడుగువాడు కరవైనాడు.

కావున ఇక్కడ కావలసిన మొదటి నిధి సుందరీకరణకు గాదని మా అభిప్రాయము. నడకబాట, రంగు దీపములు తరువాత సంగతి. మురుగు ఎచ్చట కలియుచున్నది, వాననీరు వచ్చు కాలువ ఎచ్చట మూసికొన్నది, నీటిమట్టము నెలనెల ఎంత అను మూడు విషయములను కొలిచి బహిరంగముగా వ్రాసి పెట్టుటకు చిన్న మొత్తము చాలును. కరవు జిల్లాల రైతులు బావి గట్టున చేసిన పనిని కాలనీ సంఘములు, కళాశాల విద్యార్థులు చెరువు గట్టున చేయలేరా? భూభౌతిక విజ్ఞానమునకు జాతీయ కేంద్రమైన పరిశోధనా సంస్థ ఉప్పల్ రోడ్డు మీదనే ఉన్నది. భూగర్భ జల విద్య నేర్వదలచిన వారికి ఇంతకంటె సమీపమున గురుపీఠ మెక్కడ దొరకును?

ఉర్దూలోనైనను, తెలుగులోనైనను దరఖాస్తు వ్రాయగల, లెక్క చూడగల, అధికారి యెదుట నిలిచి మాటాడగల యువకులు మన కళాశాలలో తయారగుచున్నారు. పెద్ద నిధి రాక ముందే చిన్న సంఘమునకు జమాఖర్చు పుస్తకము వ్రాసి పెట్టుట, ఊరివారి మాటను దరఖాస్తు భాషలోనికి మార్చుట, మంజూరైన సొమ్ము వివరమును మరల ఊరివారి భాషలోనికి మార్చి చదివి వినిపించుట వారు నేడే చేయగల సేవలు. గ్రాంటు వచ్చిన ఊళ్ళు చాల ఉన్నవి. అది ముగిసిన పదేండ్లకు కూడ పని నిలిచిన ఊళ్ళలో లెక్క తెలిసినవారు ఊరిలోనే ఉన్నారని పై మూడు ఉదాహరణములును తెలుపుచున్నవి.