గ్రామమందలి కుక్కలు - వాని యజమానుల విధులు

మన గ్రామములలో కుక్క లేని కళ్ళము అరుదు. రాత్రివేళ ధాన్యపు రాశికి కావలి, గొఱ్ఱెల మందకు తోడు, దొంగ వచ్చిన మొఱిగి లేపునది అదియే. అట్టి జంతువును ద్వేషింపుడని మేము వ్రాయుట లేదు. కాని యీ కుక్క యెవరిదని అడిగినచో “ఊరిది” అను ప్రత్యుత్తరమే తఱచుగా వచ్చును. పగలు ఒకరి యింట గంజి, రాత్రి మఱియొకరి వాకిట నిద్ర. కఱచిన దినమున మాత్రము దానికి యజమానుడు కానరాడు.

కొన్ని సంవత్సరముల క్రిందట మేమొక గ్రామమునకు నారుమళ్ళు చూడబోయితిమి. అచ్చట నొక రైతు పాడియావు మేత మాని, నోట చొంగ కార్చుచు, బొంగురు గొంతుతో మాటిమాటికి అఱచుచుండెను. మామిడి టెంక యేదో గొంతున తగులుకొనెనని తలచి ఆ రైతు అప్పటికే మోచేతివఱకు దాని నోట చేయిపెట్టి వెదకెను. ఏమియు దొరకలేదు. మేమును మొదట టెంకయే యనుకొంటిమి. దీనిని దాచనవసరము లేదు. రెండు నెలల క్రిందట నొక కుక్క ఆ యావు మూతిని కఱచెనని అతని భార్య జ్ఞాపకము చేసిన పిమ్మటనే మాకు భయము పుట్టెను. పశువైద్యునకు కబురంపితిమి. మూడవ దినమున ఆవు చచ్చెను. రైతు చేతికి గడ్డి కోసిన గాట్లుండెను. అతడు ఆ సాయంకాలమే ఆసుపత్రికి పోయి సూదులు వేయించుకొనెను గనుక నేటికిని సేద్యము చేయుచున్నాడు.

కావున రైతులు ముఖ్యముగా నెఱుగవలసిన దేమనగా, మేత మాని చొంగ కార్చు పశువు నోట వట్టిచేయి పెట్టరాదు. వెఱ్ఱి, అనగా రేబీసు, పట్టిన పశువునకు మ్రింగుట కష్టమగును; చూచువారికి గొంతున అడ్డుపడినట్లే తోచును. దాని పచ్చిపాలు త్రాగరాదు. కుక్క కఱచిన పశువును, లక్షణముల కొఱకు వేచియుండక, వెంటనే పశువైద్యశాలకు చూపవలెను.

ఈ వ్యాధి విషము చొంగలో నుండి గాటు ద్వారా నరములను పట్టుకొని మెదడు చేరును. లక్షణములు బయల్పడిన పిమ్మట ప్రాణము దక్కుట లేదనియే చెప్పవలెను. అంతకు ముందు టీకా వేసినచో దాదాపు తప్పక నివారింపవచ్చును. 1885లో లూయీ పాశ్చరు పండితుడు పిచ్చికుక్క కఱచిన యొక బాలునకు తొలిసారి యీ టీకా వేసెను. దక్షిణదేశమున 1907లో కూనూరునందు పాశ్చరు సంస్థ వెలసెను. పూర్వము పొట్టపై వరుసగా వేయుచుండిన సూదుల బాధను తలచుకొని నేటికిని కొందఱు ఆసుపత్రికి పోక నాటుమందులను ఆశ్రయింతురు. ఆ పాత మందును మనదేశమున 20 ఏండ్ల క్రిందటనే మానివేసిరి. ఇప్పుడు సూది దండచేతికే. చర్మమున వేయు పద్ధతిలో, మొదటి దినమును సున్నగా లెక్కించి 3, 7, 28వ దినములలో మరల వేయుదురు. నెత్తురు వచ్చిన గాటైనచో గాయమునందే వేఱొక మందును గూడ ఎక్కింతురు. గర్భిణులకును చంటిపిల్లలకును ఈ టీకా వేయవచ్చును.

ఆసుపత్రికి బయలుదేరుటకు ముందు గాయమును సబ్బుతో, పాఱు నీటిక్రింద 15 నిమిషములు కడుగవలెను. కారము, సున్నము, పసుపు, కాఫీపొడి పూయరాదు. కఱచిన కుక్కను 10 దినములు కనిపెట్టియుండుట మంచిదే కాని, ఆ దినములు గడచు వఱకు సూది మానుట మంచిది కాదు.

ఇక యజమానుని విధులు. 2023వ సంవత్సరపు జంతు జనన నియంత్రణ నియమముల ప్రకారము పెంపుడు కుక్కకు పురుగుల మందు, టీకా, సంతాననిరోధక శస్త్రచికిత్స చేయించు భారము యజమానునిదే. కూనకు మూడవ నెలలో టీకా వేయించి, పిదప వైద్యుడు చెప్పినట్లు మరల వేయించి, ఏటేట కొనసాగింపవలెను. ఆడుకుక్క రెండు నెలలకే యీనును. పుట్టిన ఆడుకూనలను గోనెసంచిలో వేసి పొరుగూరి కాలువగట్టున విడుచు ఆచారము మనలో కలదు. పొరుగూరివారును మన గట్టున అట్లే విడుతురు! తన కుక్కవలన ఇతరుల ప్రాణమునకు అపాయము రాకుండ చూచుకొనని యజమానునకు 2023 నాటి భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షను క్రింద 6 నెలల వఱకు ఖైదు గాని, 5,000 రూపాయల వఱకు జుల్మానా గాని, రెండును గాని విధింపవచ్చును.

యజమానుడు లేని కుక్కల సంగతి స్థానిక సంస్థలది. పంచాయతీకి అర్జీ పెట్టి, వానిని పట్టించి, శస్త్రచికిత్సయు టీకాయు చేయించి, చెవికి గంటు పెట్టించి, పట్టిన చోటనే విడిపించుట నియమము. పాఠశాలలు, ఆసుపత్రులు, బస్సు స్టాండులు మొదలగు చోట్ల పట్టినవానిని అచ్చటనే తిరిగి విడువరాదని 2025 నవంబరులో సుప్రీం కోర్టు ఆదేశించెను. విషము పెట్టుట నేరము. 325వ సెక్షను క్రింద 5 సంవత్సరముల వఱకు శిక్ష కలదు. నేరము మాట అటుంచి, దానివలన ఫలమును లేదు. ఒక వీధి కుక్కలు చచ్చిన పిమ్మట ఆ తిండికై టీకా లేని క్రొత్త కుక్కలు వచ్చి చేరును. నూటికి 70 కుక్కలకు టీకా పడినచో వ్యాధి ఒకదానినుండి మఱియొకదానికి ప్రాకుట ఆగునని వైద్యులు నిర్ణయించిరి.

ఆ తిండి మాట గూడ చెప్పవలెను. చచ్చిన దూడను ఊరిబయట పాఱవేయుట, చచ్చిన కోళ్ళను గట్టున గుమ్మరించుట, మాంసపు అంగడి చెత్త చెఱువులో వేయుట: కుక్కలను మనము మేపుచున్నది ఇట్లే. మాంసము మరగిన కుక్కలే గొఱ్ఱెపిల్లల మీద పడును. కళేబరమును లోతుగా గోయి త్రవ్వి, సున్నము చల్లి పూడ్చవలెను.

ప్రతి సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీ రేబీసు నివారణ దినము. ఆనాటికి సంఘ సభ్యులు తమ కుక్కల పట్టిక వ్రాసి కార్యదర్శికిచ్చినచో, పశువైద్యుని ఊరికే పిలిపించి ఒక్క పూటలో అన్నిటికి టీకా వేయింపవచ్చును. కుక్కను తెచ్చునపుడు మూతికి మెత్తని గుడ్డపేలిక చుట్టి తేవలెను. సూది గ్రుచ్చినపుడు సాధువైన కుక్కయు కఱచును.