దాణా బస్తాలలో ఎఱ్ఱ పెంకుపురుగు

పెట్రోలులో కలుపుటకై మొక్కజొన్నలనుండియు నూకలనుండియు ఇథనాలు దీయు కర్మాగారములు మన దేశమున హెచ్చినవి. 2018వ సంవత్సరపు జీవ ఇంధన విధానము నూకలను, చెడిన ధాన్యమును ఇందులకు వాడుట కనుమతించెను. గింజలోని పిండి పులిసి సారమై పోగా మిగిలిన పిప్పిని ఎండబెట్టి పశువులకు దాణాగా అమ్ముచున్నారు. బజారులో దీనికి డీడీజీఎస్ అని పేరు. గింజ బరువులో సుమారు మూడవవంతు మాత్రమే యిట్లు మిగులును గనుక, మొక్కజొన్నలో నూటికి 8, 9 పాళ్లున్న మాంసకృత్తులు ఈ పిప్పిలో 27 మొదలు 30 వఱకు నుండును. పాడిపశువులకు మంచి బలము.

సారము తీసిన పిప్పికి కూడ పురుగు పట్టునా యని సభ్యులు మమ్ము తఱచు అడుగుచుందురు. పట్టును. అయితే ఏ పురుగో, ఎప్పుడు పట్టునో తెలిసినయెడల నష్టము చాలవఱకు తప్పును.

ముక్కపురుగు గింజలో గుడ్డు పెట్టి, గింజలోననే పెరుగునది. వట్టి పొడిలో దాని సంతతి సాగదు. (గట్టిగా నొత్తిన గుళికల దాణాలో మాత్రము సాగగలదు.) పొడికి శత్రువు ఎఱ్ఱ పెంకుపురుగు. పాత గోధుమపిండిలో మన యిల్లాండ్రు జల్లించి పారవేయునది యిదే. పొడవు 3, 4 మిల్లీమీటర్లు, రంగు ఇటుకవన్నె. ఆడుపురుగు తన జీవితకాలమున 300కు పైగా గుడ్లు పెట్టును. మన యెండకాలపు వేడిమిలో ఆ గుడ్డు నెలదినములకే పెంకుపురుగగును. దీని యొంటినుండి వెలువడు ఘాటైన ద్రవముచే దాణా కంపుకొట్టును. గేదె మూతి త్రిప్పుకొనును.

పిప్పి ముతకగా, పొడిగా, వేఱొకటి కలియక యున్నంతకాలము ఈ పురుగు అందులో మెల్లగా పెరుగును. మనమే దానిని మెత్తగా విసరి, తవుడును నూకపిండియు కలిపి, నెలల తరబడి బస్తాలలో నుంచి దానికి విందు చేయుచున్నాము. బేరము కుదిరినదని ఆరు నెలల దాణా ఒక్కమాఱు కలిపి పెట్టుకొనుట మాకు తెలివిగా తోచదు. పిప్పిని విడిగానే యుంచి, వారమునకు సరిపడునంత మాత్రమే కలుపుకొనవలెను.

తేమ మఱింత చెఱుపు. పిప్పి వానకాలపు గాలినుండి తేమను పీల్చి గడ్డకట్టును. పురుగులు ముసరినచోట వేడియు తేమయు హెచ్చి బూజు పట్టును. మొదటి గింజయందే బూజువిషమున్నచో అది ఇథనాలుతో పోదు. పిప్పిలో ఇంచుమించు మూడింతలై నిలుచును, పశువు తిన్న పిమ్మట పాలలోనికిని దిగును. ఎండబెట్టినంతమాత్రమున ఈ విషము విఱుగదు. కావున బూజువాసనగల గడ్డలను వట్టిపోయిన పశువునకైనను పెట్టరాదు.

బస్తాలను నేలపై గాక చెక్కబల్లలపై, గోడకు మూరెడు దూరమున నుంచవలెను. పాతవి ముందు వాడవలెను. పురుగు కొలదిగా కనబడినప్పుడు జల్లించి, నడిమధ్యాహ్నపు టెండలో పలుచగా పఱచవచ్చును. జల్లెడలో మిగిలినది కాల్చివేయవలెను. పురుగుమందు పొడిని దాణాలో కలుపుట యెన్నడును కూడదు, అది పాలకు చేరును. విషవాయువు బిళ్లలు మనుష్యులను చంపునవి, ఇంట వాడదగినవి కావు. సంఘపు గిడ్డంగికి పొగ వేయవలసివచ్చినచో, అందు శిక్షణ పొంది అనుమతి గలవారిచేతనే వేయింపవలెను.

ఖాళీ గోతాలను మరల నింపుటకు ముందు తిరుగవేసి దులిపి, మరిగిన నీట ముంచి, బాగుగ ఎండబెట్టవలెను. కుట్లలో దాగిన గుడ్లు కంటికి కనబడవు.