కారు పందేలలో తేదీల ఘర్షణ

ఒకే చోదకుడు పాల్గొనవలసిన రెండు వేర్వేరు పోటీలు ఒకే రోజున గాని, ఒకే వారాంతంలో గాని జరగడాన్ని కారు పందేలలో తేదీల ఘర్షణ అనవచ్చును. ఫార్ములా వన్, ఇండీకార్, నాస్కార్ మొదలైన పోటీల నిర్వాహకులు వేరు వేరు. ఎవరి కాలపట్టిక వారిదే కావడం వలన ఈ సమస్య ఏర్పడుతుంది. పోటీ రోజుకు ముందు సాధన, అర్హత పరుగులు కూడా ఉంటాయి కనుక ఘర్షణ ఒక్క రోజుకే పరిమితం కాదు.

ఒకదానిని వదులుకొనుట

1965లో జిమ్ క్లార్క్ మొనాకో గ్రాండ్ ప్రి పోటీని వదులుకొని అమెరికాలోని ఇండియానాపోలిస్ 500లో పాల్గొని విజేత అయ్యాడు. అయినప్పటికీ ఆ సంవత్సరపు ఫార్ములా వన్ ప్రపంచ విజేత కూడా అతడే. 2017లో ఫెర్నాండో అలొన్సో కూడా ఇదే విధంగా మొనాకోను వదులుకున్నాడు. అతని స్థానంలో జెన్సన్ బటన్ కారు నడిపాడు. ఇండియానాపోలిస్‌లో 200 చుట్లకు గాను 179 చుట్లు పూర్తయిన తరువాత అలొన్సో కారు ఇంజను చెడిపోయింది. 2015లో లె మాన్స్ 24 గంటల పోటీ గెలిచిన జట్టులోని నికో హుల్కెన్‌బర్గ్, 2016లో బాకు నగరంలో ఫార్ములా వన్ పోటీ అదే వారాంతంలో ఉండడం చేత తిరిగి లె మాన్స్‌లో పాల్గొనలేకపోయాడు.

ఒకే రోజు రెండు పందేలు

మే నెల చివరి వారాలలో ఒక ఆదివారం పగలు ఇండియానాపోలిస్ 500, సాయంత్రం ఉత్తర కరోలినాలోని షార్లట్ పందెపు బాటపై కోకా-కోలా 600 జరుగుతాయి. షార్లట్‌లో 1992లో విద్యుద్దీపాలు అమర్చారు. ఆ తరువాత పోటీ సాయంత్రానికి మారడంతో రెండింటిలోనూ పాల్గొనే అవకాశం కలిగింది. దీనిని డబుల్ డ్యూటీ అంటారు. చోదకుడు హెలికాప్టరులోను, విమానంలోను సుమారు 700 కిలోమీటర్లు ప్రయాణించవలసి ఉంటుంది.

* 1994లో జాన్ ఆండ్రెట్టి మొట్టమొదట ఈ ప్రయత్నం చేసాడు.
* 2001లో టోనీ స్టీవర్ట్ మొత్తం 1100 మైళ్ళు (సుమారు 1770 కి.మీ.) పూర్తి చేసి 6వ, 3వ స్థానాలు పొందాడు.
* 2014లో కర్ట్ బుష్ ఇండియానాపోలిస్‌లో 6వ స్థానం పొందాడు గాని, షార్లట్‌లో ఇంజను పాడై వైదొలగాడు.

వర్షం, పాయింట్లు

2024లో వర్షం వలన ఇండియానాపోలిస్ పోటీ ఆలస్యంగా మొదలైంది. కైల్ లార్సన్ దానిని 18వ స్థానంలో ముగించి షార్లట్ చేరేసరికి అక్కడ కూడా వర్షం కురిసి పోటీ ఆగిపోయింది. తిరిగి మొదలు కాలేదు. నాస్కార్‌లో పోటీని ఆరంభించిన చోదకునికే పాయింట్లు లభిస్తాయి. లార్సన్ కారును జస్టిన్ ఆల్‌గైర్ ఆరంభించాడు. కనుక లార్సన్‌కు పాయింట్లు రాలేదు. ప్రతి పోటీ ఆరంభించాలన్న నియమం నుండి నాస్కార్ అతనికి మినహాయింపు ఇచ్చినందున చివరి దశ పోటీలకు అర్హత నిలిచింది. అయితే సాధారణ దశ విజేత స్థానాన్ని టైలర్ రెడిక్‌కు ఒకే ఒక్క పాయింటు తేడాతో కోల్పోయాడు. 2025లో లార్సన్ మరల ప్రయత్నించినా రెండు పోటీలలోనూ ప్రమాదాల వలన మధ్యలోనే నిష్క్రమించాడు.