బొమ్మ కారుకూ తెగులు పడుతుంది!

ఎన్నికలు వచ్చాయంటే దుమ్ము లేపుకుంటూ ఊళ్లోకి దిగిన తెల్ల అంబాసిడర్లను మన పెద్దలు మరచిపోలేదు. కలకత్తా దగ్గరి ఉత్తర్‌పారా కర్మాగారంలో 1950ల చివర మొదలైన ఆ కారు తయారీ 2014లో ఆగిపోయింది. ఇటువంటి పాత కార్లను ఇంట్లో నిలుపుకోలేనివారు వాటి నమూనాలను అద్దాల బీరువాలో పెట్టుకుంటున్నారు. దేశదేశాల్లో ఉన్న సరదా ఇది.

జొన్నదంటు బెండుకు పుల్లలు గుచ్చి మన పిల్లలు కట్టే బండి వంటిది కాదు ఈ బొమ్మ. కరిగించిన జింకు మిశ్రమ లోహాన్ని ఉక్కు అచ్చులోకి ఒత్తిడితో పంపి పోత పోస్తారు. దీన్నే డైకాస్టింగ్ అంటారు. పెద్ద నమూనాలు చాలావరకు అసలు కారులో 18వ వంతు ఉంటాయి. ఆ లెక్కన అంబాసిడరు 24 సెంటీమీటర్లకు వస్తుంది. తలుపులు తెరుచుకుంటాయి. స్టీరింగు తిప్పితే ముందు చక్రాలు తిరుగుతాయి. మేలురకం జర్మన్ నమూనాలు కొన్నింటి ధరకు మన సంతలో పాడి గేదె వస్తుందంటే నమ్మాలి.

అంత పోసి కొన్నా లోపాలు తప్పవు. తలుపు దగ్గర సందు, ఎత్తుగా నిలిచిన చక్రాలు, హెడ్‌లైటు నడుమ కనిపించే ప్లాస్టిక్ మేకు, అచ్చు అరిగి లోహం మీద మిగిలిన గీత. మిల్లీమీటరు సందే కదా అనుకోరాదు. అసలు కారులో అది 18 మిల్లీమీటర్లు, అంటే వేలు దూరేంత!

టింకరింగ్ షెడ్డు పనే

కర్నూలు, నంద్యాల, కడప రోడ్ల పక్క లారీలకు చేసే పనే ఇక్కడా చేస్తారు, చేతివాటమే వేరు. అడుగున మరలు విప్పి, రంగు తీసి, ఆకురాయితో గీతను అరగదీసి, వాటర్ పేపరుతో నునుపు చేసి, ప్రైమరు కొట్టి మళ్లీ రంగు వేస్తారు. రంగు పల్చగా పడాలి. దళసరిగా పడితే తలుపు గీతలు పూడిపోయి కారు పిండిబొమ్మలా తయారవుతుంది. వెండి మెరుపు ఉన్న ప్లాస్టిక్ భాగాలకు థిన్నరు తగలనీయరాదు. మెరుపు ఊడిపోతే సన్నని లోహపు రేకు అంటించడమే మార్గం.

ప్రొద్దుటూరు కంసాలుల చిన్న ఆకురాయి, పట్టకారు ఈ పనికి పుట్టినట్టే ఉంటాయి. వారి కుంపటి దగ్గరికి మాత్రం దీన్ని తీసుకుపోరాదు. ఈ లోహం 400 డిగ్రీల లోపే కరిగిపోతుంది. బంగారానికి మాటు పెట్టే మంట తగిలితే కారు ముద్దవుతుంది. విరిగిన ముక్కను రెండు ట్యూబుల జిగురుతో అతకాల్సిందే.

దీనికి మందు లేదు

ఇవన్నీ సరిచేయగల లోపాలు. సరికానిది ఒకటుంది. ఇంగ్లీషువారు దానికి పెట్టిన పేరును మన భాషలో జింకు తెగులు అనవచ్చు. పోతలో సీసం, తగరం వంటివి కొద్దిగా కలిసినా లోహం కొన్నేళ్లకు లోలోపలే తినుకుపోతుంది. మొదట రంగు మీద పొక్కులు, తర్వాత వెంట్రుకవంటి పగుళ్లు. ఒళ్లు ఉబ్బి తలుపు బిగుసుకుంటుంది. చివరికి చేతిలో పొడి అవుతుంది. 1930లలో ఇంగ్లాండులోని లివర్‌పూల్‌లో చేసిన డింకీ బొమ్మలు ఎన్నో ఇలాగే పోయాయి. 99.99 శాతం శుద్ధమైన జింకుకు అల్యూమినియం కలిపి జమాక్ అనే మిశ్రమాన్ని 1929లోనే అమెరికావారు తయారు చేశారు. కాని తుక్కు కలిపి పోసేవారు ఉన్నంతకాలం తెగులూ ఉంటుంది.

ఇది పక్క బొమ్మకు అంటుకోదు. అలాగని పుట్టీ పూసి, రంగు కొట్టినా ఆగదు. పైపూత చేసిన ఇలాంటి సరుకు చేతులు మారే ప్రమాదం ఉంది గనుక కొనేముందు తలుపులన్నీ తెరచి మూసి, తిరగేసి అడుగుభాగం చూడాలి. వేరుశనగ విత్తనకాయ ఒలిచి చూడకుండా కొంటామా!

మరి పాత అరుదైన బొమ్మకు రంగు వేయవచ్చునా? సేకర్తల్లో రెండు పక్షాలున్నాయి. పాత డింకీకి కొత్త రంగు వేస్తే ధర పడిపోతుంది, దాన్ని తాకకపోవడమే మేలు. వేలకొద్దీ వచ్చే కొత్త నమూనాకు ఆ పట్టింపు అనవసరం.

ఈ తెగులును పెంచేవి ఉక్క, వేడి. కోస్తా ఉక్కతో పోలిస్తే మన పొడిగాలి నయమే. మన ఎండ మాత్రం పగ పడుతుంది. వేసవిలో మెత్తటి టైర్లు ప్లాస్టిక్ పీటను కరిచి మచ్చ దింపుతాయి. ఇరుసుల కింద చెక్కముక్క పెట్టి చక్రాలను పీట నుంచి లేపి, బీరువాను పడమటి కిటికీకి దూరంగా పెడితే సరిపోతుంది.