బంతులకు జ్ఞాపకము లేదు

బల్గేరియా దేశపు లాటరీలో 42 సంఖ్యలనుండి ఆరింటిని తీయుదురు. 2009 సెప్టెంబరు 6న 4, 15, 23, 24, 35, 42 వచ్చినవి. 10వ తేదీన మరల అవే వచ్చినవి. క్రమము మాత్రము వేరు. మోసమని పలువురు శంకించిరి. విచారణలో అట్టిదేమియు తేలలేదు.

42 సంఖ్యలనుండి ఆరింటిని 52,45,786 విధముల ఎన్నుకొనవచ్చును. కావున వచ్చిన సమూహమే మరుసటిసారి వచ్చుటకు 52,45,786లో ఒక వంతు అవకాశము కలదు. ఎన్నడును రాని సమూహమునకును సరిగా అంతే అవకాశము!

ఇట్లు 2,700 పర్యాయములు తీసినచో, ఏవో రెండు ఫలితములు ఏకమగుటకు సుమారు సగము అవకాశముండును. వానిని రెండేసిగా పోల్చిచూచిన 36 లక్షలకు పైగా జతలేర్పడుటయే ఇందులకు కారణము.

"చిరకాలముగా రాని సంఖ్య ఇక వచ్చితీరును" అని పట్టికలు వ్రాసికొని ధనము వెచ్చించువారు ఈ సత్యమును మరచుచున్నారు. పట్టిక గడచినదానిని చెప్పును, రాబోవుదానిని చెప్పజాలదు.