గణిత గృహపాఠంలో వాక్యం: అనంతపురం కళాశాలల నేపథ్యంలో ఒక పరిశీలన

కళాశాల గణితంలో గృహపాఠాన్ని ఆన్‌లైన్‌లో చేయించాలా, నోటుపుస్తకంలో రాయించాలా అనే చర్చ సాధారణంగా సౌలభ్యం చుట్టూ తిరుగుతుంది. భాషాధ్యాపకుల దృష్టికి ఇందులో మరొక అంశం కనబడుతుంది. చేతితో చేసిన లెక్కలో అంకెల మధ్య 'అనుకొందాం', 'కావున', 'కాని ఇది అసాధ్యం' వంటి మాటలుంటాయి. ఆన్‌లైన్ జవాబు గడిలో వాటికి చోటు లేదు. ఆ మాటలతోపాటు పోయేదేమిటో పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

డిగ్రీ స్థాయి అవకలన సమీకరణం ఒకటి తీసుకొందాం. ఒక రాశి మారే రేటు ఆ రాశి వర్గానికి సమానం. రెండు వైపులా ఆ వర్గంతో భాగించి సమాకలనం చేస్తే సాధన వస్తుంది. గడిలో అది నింపగానే 'సరైనది' అని తెర చెబుతుంది. అయితే రాశి సున్న కానప్పుడే భాగించడం చెల్లుతుంది. ఎల్లప్పుడూ సున్నగా ఉండే రాశి కూడా ఈ సమీకరణాన్ని తృప్తిపరుస్తుంది. భాగించిన క్షణంలోనే ఆ సాధన జారిపోయింది. 'రాశి సున్న కాదనుకొందాం' అని రాసిన విద్యార్థికి వెంటనే 'సున్న అయితే?' అన్న ప్రశ్న తడుతుంది. రాయని విద్యార్థి పుస్తకంలోనైనా అధ్యాపకుడు ఎర్రసిరాతో ఆ ప్రశ్న వేయగలడు.

ఆన్‌లైన్ పద్ధతి గుణాలు తక్కువవి కావు. 1990ల మధ్యలో అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో రూపొందిన వెబ్‌వర్క్ ఒకే లెక్కను ఒక్కొక్కరికి ఒక్కొక్క అంకెలతో ఇవ్వగలదు. తప్పును అప్పటికప్పుడే తెలుపుతుంది. ఒక నోటుపుస్తకం తరగతి అంతా తిరిగి నలభై పుస్తకాలుగా మారే మన అలవాటుకు ఇది మంచి విరుగుడే.

అనంతపురం పరిస్థితి వేరుగా చూడదగినది. 1916లో ప్రభుత్వ కళాశాల ఏర్పడిన ఊరు ఇది. ఇంజనీరింగ్ కళాశాల 1948లో మద్రాసులోని గిండీ నుండి ఇక్కడికి తరలివచ్చింది. నేడు ఇంజనీరింగ్‌లో చేరే విద్యార్థులలో అధికులు, 80 గణిత ప్రశ్నలకు ఐచ్ఛికాలను ఎంచుకొనే కంప్యూటర్ ప్రవేశపరీక్ష దాటి వచ్చినవారు. డిగ్రీ కోర్సులు 2021-22 నుండి ఆంగ్లమాధ్యమంలోకి మారాయి. తెలుగులో చదివి వచ్చిన గ్రామీణ విద్యార్థికి ఆంగ్లవాక్యం భయం. గడి నింపడం సుఖం. వాక్యాన్ని తప్పించుకొనే దారి ఆ విధంగా సులువవుతుంది. సెమిస్టర్ చివర మాత్రం నిరూపణలు చేతితోనే రాయాలి.

గణితవాక్యం తెలుగుకు కొత్త కాదు. పావులూరి మల్లన 11వ శతాబ్దంలోనే మహావీరాచార్యుని గణితాన్ని తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి సమితి, మాత్రిక, అవధి వంటి పదాలను పాఠ్యపుస్తకాల ద్వారా తరగతిగదికి చేర్చింది. పదకోశం ఉంది, దాన్ని కలిపి రాసే అభ్యాసమే సన్నగిల్లుతున్నది.

వారానికి ఐదు లెక్కలిచ్చే చోట నాలుగింటిని యంత్రానికి వదలవచ్చు. ఐదవది నిరూపణ కావాలి. చేతితో, పూర్తి వాక్యాలతో, విద్యార్థికి వచ్చిన భాషలో రాయించాలి. అరవై పుస్తకాలు దిద్దే అధ్యాపకునికి ఒక్క లెక్కలోని వాక్యాలను చదవడం మోయలేని భారం కాదు.